మా అమ్మ బయట తినదు

పన్నెండేళ్ళు ఎదురుచూసి, ఇండియా కాని ఇంకో దేశానికి మొదటిసారి వెళ్ళి, నేను అక్కడ చేసిన ఘనకార్యం హోటల్ బాత్రూమ్‌లో అన్నం వండడం. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కోపం చల్లారాక రాద్దామని కొన్ని నెలలు ఆగాను. చల్లారలేదు. ఇంక ఆగి లాభం లేదని ఇలాగే రాస్తున్నాను.

పన్నెండేళ్ళ సంగతి ముందు చెప్పాలి. న్యూజెర్సీ పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఏ తలుపు తట్టినా ఇదే కథ చెబుతారు. గ్రీన్‌కార్డ్ రాకముందు దేశం దాటితే మళ్ళీ వీసా స్టాంపింగ్. అది కుదరకపోతే ఉద్యోగం, పిల్ల బడి, అద్దె ఇల్లు అన్నీ ఇక్కడ, మనం అక్కడ. అమ్మానాన్నల్ని చూడ్డానికి ఇండియా వెళ్ళినప్పుడే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్ళేవాళ్ళం. సరదాకి ఇంకో దేశం అనే మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నేను చూసిన విదేశమల్లా నయాగరా దగ్గర రెయిలింగ్ పట్టుకుని నిలబడితే అవతలి ఒడ్డున కనిపించే కెనడా.

ఆ పన్నెండేళ్ళలో ఎనిమిదేళ్ళు ఆఫీసులో నా పక్కన కూర్చుని లంచ్ తిన్నది ఒక తైవాన్ ఆవిడ. సొంతూరు తైపే. నేను శాకాహారినని తెలిశాక, వాళ్ళ ఊళ్ళో నాకు ఏమేం దొరుకుతాయో చెప్పడం ఆవిడకొక సరదా అయింది. పొద్దున్నే వేడి సోయా పాలు, అందులో ముంచుకు తినే పొడుగాటి నూనె రొట్టె, క్యాబేజీ కూరిన ఆవిరి బన్నులు, నువ్వుల ముద్దలో కలిపిన నూడుల్స్. బౌద్ధుల శాకాహార హోటళ్ళు వీధికొకటి ఉంటాయనీ, వాటిలో మాంసం, చేపే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరనీ చెప్పింది. నేను చల్లారిపోయిన పులిహోర డబ్బా ముందు పెట్టుకుని నోరు తెరుచుకుని వినేదాన్ని. గ్రీన్‌కార్డ్ వస్తే మొట్టమొదట తైపే వెళ్ళాలి. ఒక బల్ల ముందు కూర్చోవాలి. నేను వండనిది ఎవరో తెచ్చి నా ముందు పెట్టాలి, నేను వేడివేడిగా తినాలి. నాకు కావలసింది అంతే.

కార్డులు వచ్చాయి. అప్పటికి మా అత్తయ్య మా దగ్గరే ఉన్నారు. ఆవిడ ఆరు నెలల గడువు ఏప్రిల్‌తో అయిపోతుంది. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయికి అప్పుడే స్ప్రింగ్ బ్రేక్. నలుగురం తైపే వెళ్ళి ఆరు రోజులు ఉండడం, అక్కణ్ణుంచి మా ఆయన అత్తయ్యని ఇండియా తీసుకెళ్ళడం, నేనూ అమ్మాయీ న్యూజెర్సీ తిరిగి రావడం. ఈ ప్లాన్ నాదే. టికెట్లు బుక్ చేసిందీ నేనే. ఇల్లలకగానే పండగ కాదన్న సంగతి అప్పుడు నాకు తోచలేదు.

బయలుదేరడానికి వారం ముందు మా ఆయన క్లాజెట్‌లోంచి చిన్న రైస్ కుక్కర్ తీసి దుమ్ము దులిపాడు.

"అదెందుకు?" అన్నాను.

"అమ్మ బయట తినదు కదా."

"అక్కడ ఉల్లి, వెల్లుల్లి కూడా లేని హోటళ్ళున్నాయని చెప్పాను కదా నీకు. మీ అమ్మకి మన ఇండియన్ హోటళ్ళకంటే అవే నయం."

"గుడ్డు ఉంటుందేమో. చేప నూనె వేస్తారేమో. లాంగ్వేజ్ రాదు, ఎవర్ని అడుగుతాం? రిస్క్ ఎందుకు? పొద్దున ఒక్కసారి, రాత్రికి కూడా కలిపి, వండుకుంటే చాలు. మధ్యాహ్నానికి ఇండియన్ రెస్టారెంట్ ఏదో ఒకటి చూద్దాం."

వండుకుంటే చాలట. ఎవరు వండాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. పదహారేళ్ళ కాపురంలో ఆ ప్రశ్న ఎప్పుడూ రాలేదు.

"మా అమ్మ బయట తినదు" అనే మాట మా ఆయన ఒక రకమైన గర్వంతో అంటాడు, పిల్లాడు క్లాస్ ఫస్ట్ వచ్చాడని చెప్పుకునే తండ్రిలా. అత్తయ్య అమెరికా వచ్చినప్పుడల్లా వాషింగ్టన్ వెళ్ళినా, ఓర్లాండో వెళ్ళినా రెస్ట్ ఏరియాలో బల్ల మీద స్టీల్ డబ్బాలు విప్పాల్సిందే. నేను బయట తినే మనిషినే. కానీ పెద్దావిడ పెరుగన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని పిజ్జా తినడానికి నాకు మనసెలా వస్తుంది? అందుకని నాకూ పెరుగన్నమే. దాన్ని అందరూ నా మంచితనం అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

ఇంకో తిప్పలు కూడా ఉంది. మామూలుగా మా ఆయన్ని నేను నువ్వు అంటాను. అత్తయ్య వినేంత దూరంలో ఉంటే మీరు అంటాను. ఆవిడ ఎప్పుడూ అడగలేదు, అలా అలవాటైపోయింది అంతే. కోపం నషాళానికి అంటినప్పుడు కూడా "మీరు ఒక్కసారి నా మాట వింటారా" అని పళ్ళు బిగించి మర్యాదగా అనడం ఎంత నరకమో చెప్పలేను. రెండో వాక్యానికే కోపం నీరుగారిపోతుంది. అవతలివాళ్ళకి అదే కావాలి కూడా.

తైపేలో గోడకున్న ప్లగ్గు మన అమెరికా ప్లగ్గే. నా ఖర్మ కాకపోతే, వేరే రకం ఉండొచ్చు కదా! గదిలో ఆవిరికి పొగ అలారం మోగుతుందేమోనని మా ఆయన కుక్కర్‌ని బాత్రూమ్‌లో సింక్ పక్కన పెట్టాడు. పెట్టి, "చూశావా, ఎంత ఈజీయో" అన్నాడు. పొద్దున ఐదున్నరకి లేచి, టూత్‌బ్రష్‌లు పక్కకి జరిపి, మేం మొహం కడుక్కునే సింక్‌లోనే బియ్యం కడిగేదాన్ని. సూట్‌కేస్‌లో మోసుకొచ్చిన సోనా మసూరి, కందిపొడి, కరివేపాకు కారం, నెయ్యి సీసా. కిందికి దిగి మూల మీద దుకాణంలో పెరుగు కొనుక్కొచ్చేదాన్ని. రెండు గదులు తీసుకున్నాం. ఒకదాంట్లో మేమిద్దరం, పక్కదాంట్లో నానమ్మా మనవరాలూ. ఎనిమిదింటికి డబ్బాలో అన్నం పట్టుకెళ్ళి వాళ్ళ గది తలుపు కొట్టేదాన్ని. అత్తయ్య అప్పటికే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుని ఉండేవారు. నాలుగు ముద్దలు తిని, "చాలమ్మా, ఆకలి లేదు" అనేవారు.

"చూశావా, అమ్మకి ఊరు పడలేదు. పాపం సరిగ్గా తినడం లేదు," అనేవాడు మా ఆయన. రేపు పప్పు కూడా వండమని సలహా ఇచ్చాడు.

మధ్యాహ్నం ఇండియన్ రెస్టారెంట్. రెండు రైళ్ళు మారి, నలభై నిమిషాలు ప్రయాణం చేసి వెళ్ళాలి. ధూపం పొగ నిండిన గుడిలో అత్తయ్య చేతులు జోడించి కళ్ళు మూసుకుని ఉన్నప్పుడే ఈయన గడియారం చూసుకోవడం మొదలుపెట్టేవాడు. ఆకాశాన్నంటే ఆ పెద్ద టవర్ ఎక్కి ఊరు చూస్తుంటే, "లంచ్ టైమ్ అయిపోతుంది, దిగండి" అన్నాడు. తీరా ఆ రెస్టారెంట్‌లో ఏమున్నాయి? పనీర్, ఆలూ గోబీ, పప్పు. ప్రతిదాంట్లో ఉల్లి, వెల్లుల్లి. అత్తయ్య రెండూ ముట్టరు. అక్కడ కూర్చుని ఆవిడ ఉత్త అన్నంలో మా కందిపొడి కలుపుకున్నారు. మా ఆయన నాన్, పనీరు లాగించాడు. మెనూ తెచ్చిన కుర్రాడితో హిందీలో, "మా అమ్మ బయట తినదు," అని గొప్పగా చెప్పాడు. నేనూ కందిపొడి అన్నమే కలుపుకున్నాను. అంత కోపంలో కూడా నా చెయ్యి ఆ పనీర్ గిన్నె వైపు పోలేదు. అలవాటు అంత చెడ్డది.

మూడో రోజు సాయంత్రం బజారుకి వెళ్ళాం. వీధి పొడుగునా బండ్లు, ఆవిర్లు, నూనె చిటపటలు. చిలగడదుంప ముద్ద చేసి బంగారు రంగులో వేయిస్తున్న ఉండల ముందు మా అమ్మాయి ఆగిపోయింది. "అమ్మా, దిస్ ఈజ్ వెజ్. ఒక్కటి తిందామా?" అంది. నేను పర్సు తీసేలోపల మా ఆయన అడ్డొచ్చి, "నానమ్మ తినదు కదమ్మా, తన ముందు మనం తింటే బావుండదు. పద," అన్నాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఏమిటో ఆ వీధిలో నాకు అర్థమైంది. అత్తయ్య పక్కనే నిలబడి బూరెల మూకుడు వైపు చూసినట్టు ఆ ఉండల వైపే చూస్తున్నారు. నాకు ఆవిడ మీద కూడా ఒళ్ళు మండింది. ఒక్కసారి "నేను తినకపోతే ఏం, మీరు తినండి" అనొచ్చు కదా! అనలేదు. ఈవిడ నియమాలకి నేను బలి అని ఆ రాత్రి పళ్ళు నూరుకుంటూ పడుకున్నాను.

నాలుగో రోజు పొద్దున మూల మీద దుకాణంలో పెరుగు అయిపోయింది. ఇంకో దుకాణం కోసం ఎప్పుడూ వెళ్ళని సందులోకి తిరిగాను. మా హోటల్ వెనక గోడని ఆనుకుని ఒక చిన్న అంగడి ఉంది. పసుపు బోర్డు మీద స్వస్తిక్ గుర్తు, అద్దాల తలుపు. లోపల నాలుగు బల్లలు. ఒక బల్ల దగ్గర, స్టూల్ మీద, కొంగు నడుముకి దోపుకుని కూర్చుని మా అత్తయ్య తింటున్నారు.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. ఆవిడే. ఒక చేతిలో ఆవిరి బన్ను, ముందు గిన్నెలో సోయా పాలు. ఎదురుగా మా అమ్మాయి. ఇద్దరూ దేనికో పగలబడి నవ్వుతున్నారు. లోపల్నుంచి ఒక పెద్దావిడ వచ్చి, అత్తయ్య భుజం మీద చెయ్యి వేసి, అడక్కుండానే ఇంకో బన్ను పెట్టి వెళ్ళింది. అంటే ఇది మొదటి రోజు కాదు. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు మేం రైళ్ళు మారుతూ తిరుగుతున్నది దేనికోసమో, అది ఈ గోడవతలే ఉంది.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. నవ్వులు ఆగిపోయాయి.

"అమ్మా, నానమ్మకి హంగ్రీ," అంది మా అమ్మాయి గబగబా. "ఫస్ట్ డే మేం వాక్‌కి వచ్చాం. నానమ్మ ఆ సింబల్ చూసి, మన గుడి లాగా ఉంది అని లోపలికి వెళ్ళింది. ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసి అడిగా, ఎగ్ లేదు, ఆనియన్ లేదు, నథింగ్. రోజూ వస్తున్నాం."

"రోజూనా?"

అత్తయ్య చేతిలో బన్ను కింద పెట్టలేదు. "కూచోమ్మా. వేడిగా ఉంది, తిను," అన్నారు.

"నేను ఐదున్నరకి లేచి బాత్రూమ్‌లో వండుతున్నాను అత్తయ్యా. మీరు బయట తినరని."

"నేనెప్పుడు చెప్పాను తిననని?"

"మరి?"

ఆవిడ సోయా పాలు ఒక గుక్క తాగారు. తర్వాత మామూలుగానే చెప్పారు, అప్పడాల పిండి ఎలా కలపాలో చెప్పినంత మామూలుగా. "పెళ్ళయిన కొత్తలో మీ మామయ్యగారు నన్ను బెజవాడ తీసుకెళ్ళారు. ఆయన స్నేహితుడు హోటల్‌కి తీసుకెళ్ళి, చెల్లెమ్మా అట్టు తింటావా అన్నాడు. నాకు కడుపు నకనకలాడిపోతోంది. ఈయన, మా ఆవిడ బయట తినదు అన్నారు. ఆయన అలా అన్నాక ఇంకేం తింటాను? కాఫీ కూడా తాగలా. అప్పట్నించీ నేను బయట తినను."

మామయ్యగారు పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన మాట మాత్రం కొడుకు నోట్లో నిక్షేపంగా ఉంది.

"ఈ మాట మీ అబ్బాయికి చెబుదాం పదండి," అన్నాను.

"వద్దు," అన్నారు అత్తయ్య వెంటనే. "మా అమ్మ ఇంత, మా అమ్మ అంత అని వాడు నలుగురిలో చెప్పుకుంటాడు. వాడికి అదొక సంబరం. ఎందుకు పాడుచెయ్యడం? నువ్వు కూచుని తిను ముందు."

బన్ను నా వైపు జరిపారు. ఆవిరి మొహానికి తగిలింది. ఎనిమిదేళ్ళుగా నేను విన్నది సరిగ్గా ఇదే. కూర్చుని తినొచ్చు. ఎవరూ ఆపడం లేదు. కానీ నాకు ఎంత ఉక్రోషంగా ఉందంటే, "నాకు ఆకలిగా లేదు," అనేసి బయటికి వచ్చేశాను. అందరూ తిన్నారు, నేను తప్ప. ఆయన పనీరు తిన్నాడు. వీళ్ళు బన్నులు తిన్నారు. గదికి వెళ్తే బాత్రూమ్‌లో అన్నం మెత్తబడి ఉంది. ఆ పంతానికి నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను. మళ్ళీ వెళ్ళొచ్చు కదా అంటారా? కోపం వచ్చిన మనిషి మళ్ళీ వెళ్ళదు.

ఐదో రోజు మధ్యాహ్నం మళ్ళీ అదే రెస్టారెంట్. మళ్ళీ అదే కుర్రాడు. మా ఆయన మెనూ మూసి, "అమ్మ సంగతి తెలుసుగా, ఉత్త అన్నం తీసుకురా," అన్నాడు నవ్వుతూ. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నువ్వు ఒక్కసారి మీ అమ్మని అడుగు," అన్నాను.

అత్తయ్య ముందు నువ్వు అన్నాను. పదహారేళ్ళలో మొదటిసారి. మా ఆయన మెనూ బల్ల మీద పెట్టేశాడు.

"ఏం అడగాలి?"

"బయట తింటుందో తినదో అడుగు. ఎప్పుడైనా అడిగావా? నువ్వు గానీ, మీ నాన్నగారు గానీ?"

ఆయన అయోమయంగా తల్లి వైపు తిరిగాడు. "ఏమ్మా, తింటావా?"

అత్తయ్య నా వైపు చూడలేదు. కొడుకు వైపు చూసి, "నేను తిననురా. నీకు తెలీదా?" అన్నారు.

మా ఆయన నా వైపు తిరిగి చేతులు రెండూ విప్పి చూపించాడు, చూశావా అన్నట్టు. మా అమ్మాయి తల వంచుకుని గ్లాసులో నీళ్ళు చూస్తోంది. దానికీ నిజం తెలుసు. ముగ్గురం ఆడవాళ్ళం నిజం తెలిసి కూర్చుంటే, ఏమీ తెలియని మగవాడొక్కడే ఆ బల్ల దగ్గర నెగ్గాడు. నేను లేచి వెళ్ళి చేతులు కడుక్కునే చోట కుళాయి తిప్పుకుని ఏడ్చాను. అది దుఃఖం కాదు.

మర్నాడు ఎయిర్‌పోర్ట్‌లో మా ఆయన బోర్డింగ్ పాసుల కోసం లైన్‌లో ఉన్నప్పుడు అత్తయ్య నా పక్కన కూర్చున్నారు. నేను ఫోన్ చూసుకుంటూ ఉన్నాను.

"నా మీద కోపం పోలేదా?" అన్నారు.

"నన్ను అబద్ధాలకోరుని చేశారు అత్తయ్యా."

"చేశాను. నన్ను అడిగి అన్నావా ఆ మాట? చెప్పొద్దన్నాను, చెప్పబోయావు." ఆవిడ గొంతులో కూడా కోపం ఉంది. ఆవిడకి కోపం రావడం నేను ఎప్పుడూ చూడలేదు. "తినాలని ఉన్నది నీకు. నీకు తినాలని ఉందని చెప్పు. నన్నెందుకమ్మా మధ్యలోకి లాగుతావు? వాడు నా పేరు చెప్పి నిన్ను ఆపాడు, నువ్వు నా పేరు చెప్పి పోట్లాడావు. నన్నెవరూ వదల్లేదు."

ఆవిడ లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుని, మా అమ్మాయిని దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకుని, కొడుకు వెనక నడిచి వెళ్ళిపోయారు. న్యూజెర్సీ దాకా ఆ మాటల్ని కాదనడానికి ప్రయత్నించాను. ఆవిడ కొడుకు ముందు అబద్ధమాడింది కదా, నాకు నీతులా అనుకున్నాను. కానీ నిజం నిజమే. ఆ ఆరు రోజుల్లో నేను తలుపులు దడాలున వేశాను, ముభావంగా ఉన్నాను, వెటకారాలాడాను, ఏడ్చాను. "నాకు ఇక్కడి తిండి తినాలని ఉంది" అనే ఒక్క చిన్న వాక్యం మాత్రం ఎవరితోనూ అనలేదు.

ఇక్కడితో ముగిసి ఉంటే నేను ఇది రాసేదాన్ని కాదేమో.

జూలైలో ఒక ఆదివారం మధ్యాహ్నం స్నేహితుల ఇంట్లో పాట్‌లక్. ఆరు కుటుంబాలు, ఇంటికో వంటకం. నాది గుత్తి వంకాయ. ఇంటి వెనక డెక్ మీద ట్రేలన్నీ సర్దుతున్నాం. ఆ ఇంటాయన, "వచ్చే సమ్మర్ సియోల్ అనుకుంటున్నాం. మీరు తైపే వెళ్ళొచ్చారుగా, వెజ్ వాళ్ళకి ఆ ఊళ్ళల్లో కష్టమేమో?" అన్నాడు మా ఆయనతో.

"మాకేం కష్టం లేదండీ," అన్నాడు మా ఆయన. "మా ఆవిడ అసలు బయట తినదు. తైపేలో ఆరు రోజులూ బయటి కూర ఒక్కటి కూడా ముట్టలేదు. రోజూ పొద్దున్నే లేచి తనే వండింది."

తైపే సంగతిలో ఒక్క అబద్ధం లేదు. అదే నన్ను భయపెట్టింది. ఆయన గొంతులో వెటకారం లేదు, ప్రేమే ఉంది. తల్లి గురించి చెప్పేటప్పుడు ఉండే గర్వం అచ్చంగా అదే. ఆడవాళ్ళందరూ నా వైపు తిరిగారు. "అబ్బ, ఎంత ఓపికండీ మీకు!" అంది ఒకావిడ. "మీ అత్తగారు అదృష్టవంతులు," అంది ఇంకొకావిడ. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ పొగడ్త ఒక్క క్షణం నాకు తియ్యగానే ఉంది. చిన్నగా నవ్వాను కూడా. బెజవాడ హోటల్‌లో అత్తయ్య కూడా ఇలాగే నవ్వి ఉంటారు.

"నేను తింటాను," అన్నాను.

ఎవరూ పట్టించుకోలేదు. మా ఆయన గ్లాసులో ఐస్ వేసుకుంటున్నాడు. ఇంకొంచెం గట్టిగా అన్నాను. "నేను బయట తింటాను. తైపేలో తినాలని నాకు చాలా ఉండింది. తినడానికే వెళ్ళాను. అడగలేదు నువ్వు. నేనూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను."

ఎవరో గరిటె ట్రేలో పెట్టిన చప్పుడు వినిపించింది. మా ఆయన నవ్వబోయి, "ఇప్పుడు ఎవరు కాదన్నారు?" అన్నాడు. ఎవరూ కాదనలేదు. మా అమ్మాయి చేతిలో ప్లేట్ పట్టుకుని నన్నే చూస్తూ నిలబడింది. నేను ఒక ప్లేట్ తీసుకుని, నా గుత్తి వంకాయ వదిలేసి, మిగతా ఐదు ఇళ్ళవీ నిండుగా వడ్డించుకుని, అందరి మధ్యా కూర్చుని తిన్నాను.

తిరిగొచ్చేటప్పుడు కార్ ఆయనే నడుపుతున్నాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ముందుకే చూస్తూ, "ఆ మాటేదో ఇంట్లో చెప్పొచ్చు కదా. అందరి ముందూ అనాలా?" అన్నాడు.

"నేను తిననని నువ్వు అందరి ముందే చెప్పావు," అన్నాను.